ఫ్లారెన్సు గుమ్మటము: ఫిలిప్పో బ్రునెల్లెస్కి చరిత్రము

ఇటలీ దేశపు పునర్వికాస కాలమున చిత్రకారులకును శిల్పులకును గలిగిన స్పర్ధలను కథావస్తువుగ గైకొని నవలలు వ్రాయువారు నేటికిని పెక్కుమంది కలరు. లియొనార్డో డావించి, మికెలాంజెలో యను నిరువురను ఫ్లారెన్సు ప్రభుత్వము 1503, 1504 సంవత్సరములలో ఒకే సభామందిరపు గోడలపై యుద్ధచిత్రములు వ్రాయ నియమించిన వృత్తాంతము పాఠకులలో పలువు రెరిగినదే. ఆ చిత్రములు రెండును పూర్తికాలేదు. వానికి నూరేండ్లు ముందుగా, ఆ నగరముననే మొదలై నలువదియైదేండ్లు సాగిన మరియొక స్పర్ధ కలదు. దాని ఫలములు పూర్తియై నేటికిని నిలిచియున్నవి. కంచు తలుపులు లొరెంజో గిబెర్టివి. ఇటుక గుమ్మటము ఫిలిప్పో బ్రునెల్లెస్కిది. తలుపులను చేసినవాడు గుమ్మటపు పనిలోను జీతము పుచ్చుకొనెను. గుమ్మటమును కట్టినవాడు తలుపుల పందెమున ఓడినవాడు. ఇదియే చిక్కు.

ఈ స్పర్ధను గూర్చి లోకమున వ్యాపించిన కథ ఏకపక్షమైనది. ఫిలిప్పోను ముసలితనమున చూచి యెరిగిన ఆంటోనియో మానెట్టి, 1480 దాటిన పిమ్మట వ్రాసిన జీవితచరిత్రమును, 1550లో జార్జియో వసారి ప్రకటించిన శిల్పుల చరిత్రములును దీనికి ముఖ్యాధారములు. ఈ యిరువురును ఫిలిప్పో పక్షమువారు. లొరెంజోయు తన వృద్ధాప్యమున ఒక గ్రంథమును వ్రాసికొనెను. అందు తన గొప్పకు లోటు రానీయలేదు. ఈ మువ్వురు సాక్షులకు దూరముగ నాల్గవ సాక్షి యొకటి కలదు. అది ఆలయ నిర్మాణ సంఘమువారి జమాఖర్చు పుస్తకము. మా పాఠకులలో న్యాయవాదులు పెక్కుమంది. ఇట్టి వ్యాజ్యెములలో నోటిమాటకంటె చిట్టా ఆవర్జాలకే వారు విలువ యిత్తురు. మేమును ఫిలిప్పో చరిత్రమును చెప్పునపుడు ఆ మార్గమునే అనుసరింప దలచితిమి.

ఫిలిప్పో 1377లో ఫ్లారెన్సున జన్మించెను. తండ్రి బ్రునెల్లెస్కో దస్తావేజులు వ్రాయు నోటరీ. ప్రభుత్వ కార్యములపై పరరాజ్యములకు పోయివచ్చిన పెద్దమనిషి. కుమారుడు తన వృత్తియందే నిలుచునని యెంచి ఆయన చదువు చెప్పించెను. బాలునకు దస్తావేజులకంటె లెక్కలయందును, చేతిపనియందును మక్కువ మెండు. తండ్రి మొండికి పోక కుమారుని స్వర్ణకారులకడ చేర్చెను. ఆ కాలపు ఫ్లారెన్సులో స్వర్ణకారుని దుకాణము నగలు చేయు చోటు మాత్రమే కాదు; చిత్తరువు గీయుట, మైనమున అచ్చు తీయుట, లోహము పోయుట, చెక్కుట అన్నియు అచ్చటనే నేర్చుకొనవలెను. స్వర్ణకారులు పట్టువర్తకుల శ్రేణిలో చేరినవారు. ఫిలిప్పో 1398లో ఆ శ్రేణియందు ప్రమాణము చేసెను. పిస్టోయా నగరపు ఆలయములోని వెండి బలిపీఠమునకు కొన్ని ప్రతిమలు చేసి, ఇరువది మూడేండ్లకే పేరు తెచ్చుకొనెను. మనిషి పొట్టి, రూపమున ఆకర్షణ లేదు, మాట వాడి. తన యూహను ఇతరులకు చెప్పుటకు ఇష్టపడడు. ఈ గుణము తుదివరకు ఆయనను విడువలేదు.

1400 సంవత్సరమున ఫ్లారెన్సును మహామారి పట్టి పీడించెను. అది తగ్గునప్పటికి మిలాను ప్రభువు జాన్ గలియాట్సో విస్కాంటి చుట్టునున్న నగరముల నొక్కటొక్కటిగ లోబరచుకొనుచు ఫ్లారెన్సుపై కన్ను వేసియుండెను. ఇట్టి సమయమున, ఊలు బట్టల వర్తకుల శ్రేణివారు నగరపు జ్ఞానస్నాన మందిరమునకు క్రొత్త కంచు తలుపులు చేయింప నిశ్చయించి పోటీ ప్రకటించిరి. ఆపదలో నున్న నగరము అలంకారములకు ధనము వెచ్చించుట విడ్డూరముగ దోచవచ్చును. ఆ వర్తకులు మాత్రము దానిని దైవమునకు చెల్లించు మ్రొక్కుగను, నగరపు పరువుగను కూడ భావించిరి. 1402లో విస్కాంటి జ్వరముచే మరణింపగా ఆ గండము తప్పెను.

పోటీలో తుదకు ఏడుగురు మిగిలిరి. అబ్రహాము దైవాజ్ఞచే తన కుమారుడైన ఇస్సాకును బలి యీయబోవగా దేవదూత వారించిన ఘట్టమును ఒక కంచు ఫలకముపై చూపవలెను. గడువు ఒక సంవత్సరము. ఏడుగురిలో సియెనా నగరపు జాకొపో డెల్లా క్వెర్చియా వంటి వాడు కూడ ఉండెను. ఐనను పందెము ఇద్దరు ఫ్లారెన్సు యువకుల నడుమనే తేలినది. ఒకడు ఫిలిప్పో. రెండవవాడు ఆయనకంటె ఒక యేడు చిన్నవాడైన లొరెంజో గిబెర్టి. ఈతడు సవతితండ్రి బార్తొలుచ్చోకడ స్వర్ణకార విద్య నేర్చి, మహామారి భయముచే పెజారో నగరమునకు పోయి అచ్చటి ప్రభువు మందిరమున చిత్రములు వ్రాయుచుండగా, మిత్రులు పోటీ సంగతి తెలిపి పిలిపించిరి.

ఈ యిరువురి ఫలకములును నశింపలేదు. ఫ్లారెన్సులోని బార్జెల్లో ప్రదర్శనశాలలో దగ్గరదగ్గరగ ఉంచబడియున్నవి. చూడబోయినవారు తామే న్యాయాధిపతులు కావచ్చును. ఫిలిప్పో ఫలకమున తండ్రి కుమారుని గొంతు పట్టి కత్తి ఆనించుచున్నాడు. దేవదూత దూసుకొనివచ్చి ఆతని మణికట్టును పట్టుకొనుచున్నాడు. మూడు చేతులు ఒకచోట పెనగులాడుచున్నవి. క్రింద ఒక సేవకుడు లోకమున ఏమియు జరుగనట్లు తన అరికాలిలోని ముల్లు తీసికొనుచున్నాడు. ఆ భంగిమ ప్రాచీన రోమను శిల్పమునుండి గ్రహింపబడినది. లొరెంజో ఫలకమున దేవదూత ఇంకను ఆకాశముననే యున్నాడు. కత్తి ఎత్తబడినదే కాని తాకలేదు. బాలుని దిగంబర శరీరము ప్రాచీన గ్రీకు ప్రతిమవలె నిర్మలముగ నున్నది. మొదటిదానియందు భయమును, రెండవదానియందు సౌందర్యమును ఎక్కువ. ఫిలిప్పోది మనసునకు బలముగ తగులుననుట మా యభిప్రాయము. కాని తలుపులపై నిత్యము చూడవలసిన వస్తువుగ లొరెంజోదే తగినదని తీర్పరులకు తోచియుండును.

తీర్పునకు మరియొక కారణము కలదు. కవులు దానిని విడిచిపెట్టుదురు; వర్తకులు విడువరు. కంచుపోత యొక్క మర్మము మన దేశపు పాఠకులకు వింత కాదు. తంజావూరు మండలములోని స్వామిమలై స్థపతులు మైనపు బొమ్మకు మట్టి పూసి, కాల్చి, మైనము కరిగిపోయిన తావున లోహము పోసి పంచలోహ విగ్రహములు చేయుట చూచినవారు మాలో పలువురు కలరు. లొరెంజో తన ఫలకమును దాదాపు ఒకే పోతగ, వెనుక గుల్లగ, పోసెను. ఫిలిప్పో ప్రతిమలను వేరువేరుగ పోసి పలకకు బిగించెను. ఇందుచే లొరెంజో ఫలకమునకు సుమారు 7 కిలోల కంచు తక్కువ పట్టినది. ఒక్క ఫలకమున ఇంత మిగిలిన, 28 ఫలకములు గల తలుపులలో ఎంత మిగులునో లెక్క వేయుట ఊలు బట్టల వర్తకులకు ఎవ్వరును నేర్పనక్కరలేదు.

తీర్పు నెట్లు చెప్పిరి? తీర్పరులు 34 మందియు, పోటీదారులును, ఏకగ్రీవముగ తనకే జయమిచ్చిరని లొరెంజో వ్రాసికొనెను. ఇరువురును కలిసి చేయుడని తీర్పరులు కోరగా ఫిలిప్పో తిరస్కరించి వెడలిపోయెనని మానెట్టి వ్రాసెను. 1403లో కుదిరిన ఒప్పందము లొరెంజో పక్షమున మాత్రమే యున్నది; ఫిలిప్పో పేరు అందు కానరాదు. మానెట్టి మాట ఓటమిని కప్పిపుచ్చుటకు మిత్రులు కల్పించినదై యుండవచ్చును. ఐనను పిమ్మట జరిగిన సంగతులు చూచినచో, పొత్తును నిరాకరించుట ఫిలిప్పో స్వభావమునకు సరిపోయిన పనియే. మానెట్టి మరియొక మాట కూడ చెప్పెను. లొరెంజో తన మైనపు నమూనాను వచ్చినవారి కెల్ల చూపి సలహాలు అడిగి దిద్దుకొనెనట. ఫిలిప్పో తలుపులు మూసికొని ఒంటిగ పని చేసెనట. మానెట్టి దీనిని లొరెంజో దోషముగ చెప్పినాడు. పదిమంది మాట విని పనిని బాగుచేసికొనుట దోషమెట్లగునో మాకు బోధపడదు.

ఓటమి పిమ్మట ఫిలిప్పో కంచుపనిని విడిచి, తనకంటె చిన్నవాడగు దొనాతెల్లోతో రోమునగరమునకు పోయి ప్రాచీన కట్టడములను కొలిచెనని మానెట్టి చెప్పును. శిథిలములలో త్రవ్వుచున్న ఈ యిరువురను నిధులు వెదకువారనుకొని జనులు నవ్వెడివారట. ఈ యాత్ర ఎన్ని మారులు ఎంతకాలము జరిగినను, పిమ్మటి ఆయన కట్టడములలో రోమను స్తంభములును కమానులును తిరిగి ప్రాణము పోసికొన్నవనుట స్పష్టము. ఆ నడుమనే ఆయన వేరొక ప్రయోగము చేసెను. జ్ఞానస్నాన మందిరమును చిన్న పలకపై చిత్రించి, ఆకాశమునకు మెరుగుపెట్టిన వెండిరేకు తాపించి, పలకకు ఒక రంధ్రము చేసెను. చూచువాడు పలక వెనుకనుండి రంధ్రమున కన్నుంచి, ఎదుట అద్దము పట్టుకొనవలెను. అద్దమునందలి చిత్రము ఎదుటి మందిరముతో సరిగ కలిసిపోయెడిదట. వెండిరేకులో నిజమైన మేఘములు కదలెడివట. దూరము పెరిగినకొలది వస్తువు చిన్నదిగ కనబడుటకు గల గణితసూత్రమును చిత్రకారులకు అందిచ్చినది ఈ పలకయే. పలక పోయినది, సూత్రము నిలిచినది.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఫ్లారెన్సు మహాలయమునకు 1296లో పునాది వేసిరి. 1367లో నగరవాసులు ఒక నమూనాను ఆమోదించి, తరువాతి మేస్త్రీలెల్ల ఏటేట దాని ననుసరింతుమని ప్రమాణము చేయవలెనని విధించిరి. ఆ నమూనాలో ఎనిమిది పలకల మహాగుమ్మటమున్నది. గోడలను బయటినుండి ఆనుకొని నిలుపు ఊతకమానులు లేవు. అవి ఉత్తరదేశపు పద్ధతియనియు, తమ నగరమునకు తగవనియు వారి అభిమానము. గుమ్మట మెట్లు కట్టవలెనో మాత్రము ఎవ్వరికిని తెలియదు. తాతలు ఆజ్ఞ యిచ్చి పోయిరి. మనుమలు యాబది యేండ్లు ఆకాశమునకు తెరచియున్న రంధ్రమును చూచుచు కూర్చుండిరి.

ఆ రంధ్రపు వెడల్పు 140 అడుగులకు పైమాట. భూమికి సుమారు 170 అడుగుల ఎత్తున గుమ్మటము మొదలు కావలెను. బిజాపురములోని గోళగుమ్మటమును చూచిన మా కన్నడదేశపు ఆంధ్రసోదరులు దీనిని సులభముగ ఊహింపగలరు. దాని లోపలి వెడల్పు సుమారు 124 అడుగులు. అది ముగిసినది 1656లో, అనగా ఫ్లారెన్సు గుమ్మటమునకు రెండువందల యేండ్లు పిమ్మట.

సాధారణముగ కమాను కట్టు మేస్త్రీ ముందుగ క్రింద కొయ్యతో సెంటరింగు కట్టి, దానిపై రాళ్లో ఇటుకలో పేర్చి, సున్నము గట్టిపడిన పిమ్మట కొయ్యను ఊడదీయును. ఇంత వెడల్పునకు ఇంత ఎత్తున సెంటరింగు కట్టుటకు కావలసిన దూలములు దొరకవు. దొరకినను తమ బరువునకు తామే వంగిపోవును. 1418 ఆగస్టులో సంఘమువారు 200 ఫ్లోరినుల బహుమానముతో మరల పోటీ ప్రకటించిరి. సెంటరింగు లేకయే కట్టెదనని ఫిలిప్పో చెప్పెను. సభలో ఈతని పిచ్చివానిగ నెంచి బయటికి మోయించిరని కథ. గ్రుడ్డు నొక కొనపై నిలిపినవాడే గుమ్మటము కట్టదగునని పందెము వేసి, అడుగున చితుకగొట్టి నిలిపెనని వసారి వ్రాసెను. పిమ్మట పదునైదేండ్లకు వేరొక గ్రంథకర్త ఇదే కథను కొలంబసునకు అంటగట్టెను. ఇన్నిచోట్ల నిలిచిన గ్రుడ్డును మేము నమ్మజాలము. చిట్టాలో నున్నది వేరు. ఫిలిప్పో ఇటుకలతో, సెంటరింగు లేకయే, మనుష్యులు ప్రవేశింపదగిన పెద్ద నమూనా కట్టి చూపెను. లొరెంజోయు ఇటుకలతో ఒక నమూనా కట్టించెను.

1420 ఏప్రిలులో సంఘమువారు మువ్వురను నియమించిరి: ఫిలిప్పో, లొరెంజో, మేస్త్రీ బత్తిస్తా దాంతోనియో. మొదటి యిరువురకును నెలకు 3 ఫ్లోరినుల చొప్పున సమానజీతము. పదునేడేండ్ల క్రిందట ఏ పొత్తును ఫిలిప్పో కాదన్నాడని మిత్రులు చెప్పిరో అదే పొత్తు ఇపుడు తలకు చుట్టుకొనెను. ఆ ఆగస్టు 7వ తేదీ ఉదయమున పనివారికి రొట్టె, ఖర్బూజా పండ్లు, ద్రాక్షసారాయము పెట్టి పని ప్రారంభించిరి.

కట్టిన విధమును కొంత వివరింపక తప్పదు. ఫిలిప్పో జీవితమంతయు అందే యున్నది. గుమ్మటము ఒకటి కాదు, రెండు. లోపలిది దళసరి, బయటిది పలుచన; నడుమ మనుష్యులు నడచిపోవుటకు మెట్లు. ఎనిమిది మూలల ఎనిమిది పెద్ద పక్కటెముకలు బయటికి కనబడును. పదునారు చిన్నవి లోన దాగియున్నవి. పీపాకు ఇనుపకట్లు బిగించినట్లు, గుమ్మటము బయటికి విచ్చిపోకుండ ఇసుకరాతి దూలములను ఇనుముతో కలిపి నాలుగు గొలుసులుగను, కొయ్యతో ఒక గొలుసుగను చుట్టిరి. సెంటరింగు లేక ఇటుకలు జారకుండుటకు ఆయన పన్నిన ఉపాయము మిక్కిలి సరళము. అడ్డముగ పేర్చిన ఇటుకల వరుసలో అక్కడక్కడ ఒక ఇటుకను నిలువుగ నాటించెను. నిలువు ఇటుకలు క్రింది వరుసలో పాతుకొని, తమ నడుమనున్న అడ్డపు ఇటుకలను సున్నము ఆరువరకు నొక్కి పట్టును. వరుస చుట్టు తిరిగి మూసికొన్నంతనే తన్ను తానే మోయును. చేప ముల్లువలె మెలికలు తిరుగుచు పైకి పోవు ఆ వరుసలు నేటికిని రెండు గుమ్మటముల నడుమ మెట్లెక్కువారికి కనబడును. మెట్లు 463.

బరువులెత్తుటకు ఫిలిప్పో చేసిన యంత్రము మరియొక వింత. మన గానుగవలె ఎద్దులు చుట్టు తిరుగుచు త్రాటిని చుట్టును. ఎత్తిన బరువును పైన దించి ఖాళీకొక్కెమును క్రిందికి దింపుటకు ఎద్దులను విప్పి వెనుకకు త్రిప్పవలెను కదా. ఆ శ్రమ లేకుండ ఆయన పండ్లచక్రములను మార్చెను. మీట త్రిప్పిన చాలును, ఎద్దులు ఒకే దిక్కున నడచుచుండగనే త్రాడు ఎదురు తిరుగును. తరువాతి తరమున యువకుడైన లియొనార్డో ఈ యంత్రములను చూచి చిత్రములు గీసికొనెను. పనివారు మధ్యాహ్నమున క్రిందికి దిగి మద్యము సేవించి వచ్చుట ప్రమాదమని, ద్రాక్షసారాయములో మూడవవంతు నీరు కలుపవలెనని కట్టడి చేసిరి. ఫిలిప్పో లెక్కలను కాగితముపై పెట్టలేదు. మేస్త్రీలకు చూపవలసినది మైనముతోను, మట్టితోను, చివరకు ముల్లంగి దుంపలు కోసియు చూపెడివాడట. తన ఉపాయము ఎవ్వరికిని పూర్తిగ తెలియరాదనియే ఆయన ఉద్దేశము.

ఇట్టివానికి సమానజీతపు సహచరుడు కంటిలో నలుసు. ఇచ్చట ప్రసిద్ధమైన రోగపు కథ వచ్చును. కొయ్యగొలుసు బిగించవలసిన దినములలో ఫిలిప్పో కడుపునొప్పియని మంచమెక్కెనట. మేస్త్రీలు లొరెంజో నడుగగా ఆతడు నోరు మెదపలేకపోయెనట. పిమ్మట ఫిలిప్పో లేచి, పని రెండుగ పంచుకొందము, ఒకరు సారువ కట్టించవలెను, ఒకరు గొలుసు బిగింపవలెనని చెప్పగా లొరెంజో గొలుసు నెన్నుకొని చెడగొట్టెనట. ఫిలిప్పో దానిని ఊడదీయించెనట. అంతటితో లొరెంజో ఉద్యోగము పోయెనట. మానెట్టి చెప్పగా వసారి మెరుగు పెట్టిన ఈ కథ నవలాకారులకు కన్నులపండువు.

చిట్టా ఏమి చెప్పుచున్నది? కొయ్యగొలుసు విషయమున 1423లో ఫిలిప్పోకే 100 ఫ్లోరినుల బహుమాన మిచ్చిరి. ఇది కథకు కొంత బలము. 1425 వేసవిలో లొరెంజో జీతము నిలిపిరి. ఇదియు బలమే. కాని కొలది నెలలలో ఆ జీతమును మరల ఇయ్యసాగిరి. చెడగొట్టినవానిని ఎవరు మరల పిలుతురు? ఆ సంవత్సరపు జనవరిలోనే లొరెంజోకు తలుపుల రెండవ జతకు ఒప్పందమైనదన్న సంగతిని మా పాఠకులు గమనింతురు గాక. జీతము నిలుపుటకు ఆతడు వేరుపనిలో మునిగియుండుటయే చాలిన కారణము. 1426లో గుమ్మటపు పైభాగమును గూర్చి సమర్పించిన నివేదికలో లొరెంజో పేరు ఫిలిప్పో పేరుతో కూడ నున్నది. గుమ్మటము క్రింది గోడలోని గుండ్రని రంగుటద్దముల కిటికీలలో మూటికి నమూనాలు ఆతనివే.

ఐనను అదే సంవత్సరమున సంఘమువారు ఫిలిప్పో జీతమును ఏటికి 100 ఫ్లోరినులు చేసిరి. లొరెంజోది 36 గనే యుంచిరి. పుస్తకము వ్రాసినవారు ఆవేశపరులు కారు. పని యెవరిదో వారికి తెలియును. పదునెనిమిదేండ్లు సమానజీతముతో ఫిలిప్పోతో కలిసి గుమ్మటము కట్టితినని లొరెంజో తన గ్రంథమున వ్రాసికొన్నది ఇచ్చట చెల్లదు. సమానత ఆరేండ్లది మాత్రమే. గుమ్మటము ఫిలిప్పోదనుటలో మాకు సందేహము లేదు. లొరెంజో మందమతియని, పరాన్నభోజియని చెప్పుట మాత్రము అన్యాయము. గెలిచిన పనిని గెలిచినట్లు చెప్పుకొనుటకు ఓడినవానిని మూఢునిగ చేయనక్కరలేదు. ఫిలిప్పో మిత్రులు ఆ పని చేసిరి. అయిదువందల యేండ్లు లోకము వారి వెంట పోయెను.

ఫిలిప్పో పట్టినదెల్ల బంగారమైనదనుటయు పొరపాటు. 1421లో ఫ్లారెన్సు ప్రభుత్వము ఆయన కల్పించిన ఒక పడవకు మూడేండ్లపాటు పోటీలేని హక్కు నిచ్చెను. నూతన కల్పనలకిచ్చు పేటెంటు హక్కులలో మొట్టమొదటిదిగ దీనిని పేర్కొందురు. తన యూహలను దాచుకొనువాడు, దాచుకొను హక్కును ప్రభుత్వమునుండియే రాయించుకొనెను. పడవ మాత్రము దక్కలేదు. పీసానుండి ఆర్నో నదిపై పాలరాయి తెచ్చుచు 1428లో చెడిపోగా, ఆ నష్టమును ఫిలిప్పో భరించెను. జొవాన్ని డా ప్రాతో యను పండితు డాయనను పద్యములలో ఎగతాళి చేయగా, ఫిలిప్పో పద్యములలోనే బదులు చెప్పెను. 1430లో లూకా నగరముతో యుద్ధము జరుగునపుడు సెర్కియో నదికి ఆనకట్ట వేసి ఆ నగరమును ముంచెదనని ప్రభుత్వమును ఒప్పించెను. లూకా వారు రాత్రి కట్టను తెగగొట్టగా నీరు ఫ్లారెన్సు సైన్యపు గుడారములనే ముంచెను.

1434 ఆయనకు చెడ్డ సంవత్సరము. తాపీపనివారి శ్రేణివారు తమ చందా చెల్లింపలేదని నగరపు ప్రథమశిల్పిని చెరసాలలో వేయించిరి. ఏ రాజభవనమునకైనను వన్నె తేదగిన వానిని కొలది నాణెములకై బంధించుట చూచినచో, ఇది శ్రేణికిని ఒంటిమనిషికిని జరిగిన బలపరీక్ష యని తోచును. ఆలయ సంఘమువారు ఆ శ్రేణి పెద్దనే నిర్బంధింపజేసి పదునొకండవ దినమున ఫిలిప్పోను విడిపించిరి. అదే యేడు ఆయన పెంపుడు కుమారుడు ఆంద్రియా, బుజ్జానో యని పిలువబడువాడు, తండ్రి నగలును ధనమును తీసికొని నేపుల్సునకు పారిపోయెను. పసితనమున ఈ బాలుని తెచ్చి పెంచి విద్య నేర్పిన ఫిలిప్పో, ఆతడు పనిచేసి సంపాదించిన సొమ్మును ఆతనికి ఇయ్యలేదట. మతగురువు నాల్గవ యూజీనియసే నేపుల్సు రాణికి వ్రాసి బుజ్జానోను రప్పింపవలసివచ్చెను. వచ్చినవాడు మరల తండ్రికడనే పనిచేసెను. పెండ్లాడని ఫిలిప్పోకు వారసుడు ఆతడే. ఇంటిలోపలను, పనిలోను తన హక్కును ఇతరులతో పంచుకొనలేని మనిషి ఫిలిప్పో. అనాథ శిశువులకు పట్టువర్తకులు కట్టించిన ఆశ్రమమునకు 1419లో చల్లని కమానుల పందిరి కూర్చినవాడును ఈతడే. సాన్ లొరెంజో, సాంతో స్పిరితో ఆలయములును ఈతని పనులే. వానిని గూర్చి వేరుగ వ్రాయదగును.

1436 మార్చి 25న మతగురువు యూజీనియసు మహాలయమును ప్రతిష్ఠించెను. ఆగస్టులో గుమ్మటపు చివరివలయము మూసికొనెను. పని మొదలై పదునారేండ్లు. ఎవ్వరును సెంటరింగు కట్టలేదు, ఇటుక జారలేదు. దానిపై నిలుపవలసిన పాలరాతి శిఖరమంటపమునకు సంఘమువారు మరల పోటీ పెట్టిరి! లొరెంజోయు నమూనా నిచ్చెను. ఇన్నేండ్ల సేవకు పిమ్మట మరల పరీక్షకు నిలుచుట ఫిలిప్పోకు ఎట్లుండెనో చెప్పనక్కరలేదు. ఐనను నిలిచి గెలిచెను. రాళ్లు సేకరించుటకే దాదాపు పదేండ్లు పట్టెను. 1446 మార్చిలో శిఖరపు మొదటిరాతిని ప్రతిష్ఠించిరి. ఏప్రిలు 15న ఫిలిప్పో మరణించెను.

శిఖరమంటపము 1461లో ముగిసినది. దానిపై నుండు రాగి గోళమును వెరొక్కియో చేయగా 1471లో పైకెక్కించిరి. లొరెంజో తన రెండవజత తలుపులను 1452లో ముగించెను. పది ఫలకములు గల ఆ బంగారుపూత తలుపులే స్వర్గద్వారములని లోకమున ప్రసిద్ధి చెందినవి. ఫిలిప్పో పలకపై చూపిన దూరదర్శన సూత్రమును లొరెంజో ఆ ఫలకములలో తనివితీర వాడుకొనెను. మానెట్టి దీనిని చెప్ప మరచెను. తలుపుల చట్రమున చిన్న వలయమొకదానిలో లొరెంజో తన బట్టతలను తానే పోసిపెట్టెను. 1455లో ఆతడు మరణింపగా సాంతా క్రోచే ఆలయమున పూడ్చిరి. అసలు తలుపులు నేడు మహాలయపు ప్రదర్శనశాలలో నున్నవి. మందిరమునకు వేలాడునవి ప్రతులు.

ఫిలిప్పోను మహాలయముననే పూడ్చుటకు నగరము అనుమతించెను. గోడమీద బుజ్జానో చెక్కిన తండ్రి ప్రతిమను నిలిపిరి. ఆ ముఖమున దయయు లేదు, కోపమును లేదు. అలసిన ముసలివాని ముఖము. కాలక్రమమున సమాధి యెచ్చటనో ఎవ్వరికిని తెలియకపోయెను. 1972లో మహాలయపు నేల క్రింద పాత సాంతా రెపరాతా ఆలయ శిథిలములను త్రవ్వుచుండగా ఒక సాదా రాతిపలక బయల్పడెను. దానిపై చెక్కిన లాటిను అక్షరములలో ఫిలిప్పో పేరు కనబడెను. గుమ్మటము చూడబోవు యాత్రికులలో పెక్కుమంది మెట్లెక్కి పైకి పోవుదురు. కొందరు మాత్రమే ఆ మెట్లు దిగి పలకను చూచి వత్తురు.